స్వరూప గదిలో మూరెడు వైరు

కృష్ణారావు చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే కథ సగానికొచ్చేసరికి మీకే అనుమానం వస్తుంది. ఆయన ఎవరి దగ్గరా పైసా ఆశించలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పలేదు, పంతొమ్మిదేళ్ళ నౌకరీలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. తన ఎదుట ఇంకొకరిని మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు అన్నం సహించదు.

అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే కోళ్ళకు వేసే టీకాలు తయారు చేసే కంపెనీ ఒకటుంది. అక్కడ టీకాను గుడ్లలో పెంచుతారు. కృష్ణారావు ఆ కంపెనీలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. సొంతూరు నిడదవోలు. ఇప్పుడు కొంపల్లిలో సొంత ఫ్లాటు, భార్య పార్వతీదేవి, బాల్కనీలో నాలుగు కరివేపాకు కుండీలు. పొద్దున్నే ఏడింటికి కారు తీసి, మేడ్చల్ మీదుగా శామీర్‌పేట రోడ్డు పట్టుకుని, ఎనిమిదింటికల్లా కుర్చీలో కూర్చునేవాడు.

కూర్చోగానే మొదట చేసే పని బ్యాకప్ రిపోర్టు ప్రింటు తీయడం. ఏ టీకా ఏ గుడ్లలో పెరిగింది, ఏ పరీక్షకు నిలబడింది, ఏ ఊరికి వెళ్ళింది అన్న లెక్కంతా కంప్యూటర్లలోనే ఉంటుంది కదా, అదంతా రోజూ ఇంకో పెద్ద పెట్టెలోకి కాపీ అవుతుంది. కాపీ సరిగ్గా అయిందని రిపోర్టు చివర ఒక లైను వస్తుంది. ఆ లైను కింద కృష్ణారావు ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, డైరెక్టర్ సుధీర్ టేబుల్ మీద స్వయంగా పెట్టి వచ్చేవాడు. ఆకుపచ్చ ఇంకు గెజిటెడ్ ఆఫీసర్లు వాడేది. కృష్ణారావు గెజిటెడ్ ఆఫీసరు కాడు, కానీ ఇంకు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఆ విభాగంలోనే స్వరూప పనిచేసేది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గండయ్య కూతురు. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. ఎనిమిదేళ్ళ కిందట ప్యాకింగ్ హాలు పక్కన కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పనికి చేరింది. చురుగ్గా ఉందని కృష్ణారావే ఆమెను తన విభాగంలోకి తెచ్చుకున్నాడు. సర్వరంటే ఏమిటో, నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో ఓపిగ్గా నేర్పాడు. ఆమె తప్పులు చేసినంత కాలం ఆయనకు ఆ పిల్లంటే ఎంతో అభిమానం.

ఆ వేసవిలో, ఇదే చుట్టుపక్కల ఉన్న ఒక మందుల కంపెనీని దొంగ ప్రోగ్రాము కాటేసింది. ర్యాన్సమ్‌వేర్ అంటారు దాన్ని. ఏదో ఈమెయిల్లో బిల్లు వేషం వేసుకుని వస్తుంది. తెరిచామా, కంపెనీలో ఉన్న ప్రతి ఫైలుకూ తాళం పడుతుంది. తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమని తెర మీద బెదిరింపు చీటీ వస్తుంది. సుధీర్ హడలిపోయి మర్నాడే అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"మనకేం భయం లేదండీ," అన్నాడు కృష్ణారావు కుర్చీలో వెనక్కి వాలి. "రోజూ కాపీ తీస్తున్నాను. పంతొమ్మిదేళ్ళ రికార్డుంది నా దగ్గర."

అంతా తల ఊపారు. వెనక వరసలోంచి స్వరూప లేచి నిలబడింది.

"సార్, నాకొక డౌటు. గా కాపీలున్న పెట్టె గూడ మన నెట్‌వర్క్‌లనే ఉన్నది గద. దొంగ ఇంట్లకు సొచ్చినంక బీరువానొక్కదాన్ని ఇడిసిపెడ్తడా?"

కృష్ణారావుకు చెవులు వేడెక్కాయి. ఆ ప్రశ్న తనకు పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ రాలేదన్నది ఆయనకు అక్కడికక్కడే అర్థమైంది.

"అయితే ఏం చేద్దామంటావ్?" అన్నాడు సుధీర్.

"ల్యాబోళ్ళు టీకాకు అసలు విత్తనాన్ని యాడ పెడ్తున్నరు సార్? రోజు వాడే ఫ్రిజ్‌ల పెడ్తలేరు గద. వేరే గదిల, వేరే తాళం కింద పెడ్తున్నరు. ఈడ పాడైతె గాడికెళ్ళి తెచ్చి మళ్ళ మొదలుపెడ్తరు. మనం గూడ గట్లనే జేద్దాం."

సుధీర్ టేబుల్ మీద అరచేత్తో కొట్టి "అంతే!" అన్నాడు. ల్యాబు ముందు నుంచి కృష్ణారావు రోజుకు నాలుగుసార్లు నడిచేవాడు. ఆ విత్తనం ఫ్రిజ్జుకు కరెంటు లైను దగ్గరుండి వేయించింది కూడా ఆయనే. ఆ పూట క్యారియర్లో వంకాయకూర అలాగే ఇంటికి తిరిగొచ్చింది.

పని స్వరూప చేతికిచ్చారు. పాత గుడ్ల ట్రేలు పెట్టుకునే గది ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని శుభ్రం చేయించారు. మందపాటి తలుపు, కిటికీ లేదు. అందులో ఆమె విడిగా మిషన్లు పెట్టింది. రోజుకోసారి, మధ్యాహ్నం భోజనాల వేళ, నలభై నిమిషాలు మాత్రమే ఆ గదికి బయటి నుంచి దారి తెరుచుకుంటుంది. ఆ రోజు కాపీ లోపలికి వెళ్తుంది, దారి దానంతటదే తెగిపోతుంది. లోపలికి వెళ్ళిన కాపీని తొంభై రోజుల దాకా ఎవరూ చెరపలేరు, మార్చలేరు. స్వరూప కూడా మార్చలేదు. నెలకోసారి ఒక కాపీని తీసి, పక్కనున్న ఖాళీ మిషన్ మీద ప్రాణం పోసి చూసేది.

"కాపీ ఉన్నదంటె సరిపోదు సార్," అంది ఒకసారి కృష్ణారావుతో, ఆయనేదో అడిగితే. "లేపితె లెవ్వాలె."

ఆమె మామూలుగానే అంది. కృష్ణారావుకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. తన కాపీల్లో ఒక్కదాన్నైనా లేపి చూసి ఆయనకు పదకొండేళ్ళయింది.

గదిలోకి వెళ్ళాలంటే ఇద్దరు సంతకం చెయ్యాలి, ఫోన్లు బయట పెట్టాలి. ఆ రెండో సంతకం కృష్ణారావుదేనని స్వరూపే పట్టుబట్టి రాయించింది. "మీరు పెద్దోళ్ళు సార్, మీరు లేకుంట నేనొక్కదాన్ని పోవద్దు," అంది. గదిలోకి వెళ్ళినప్పుడు లోపలి తెర చూసుకోవడానికి ఆయన పేరు మీద ఒక లాగిన్ కూడా ఇచ్చింది. ఇదంతా గౌరవమే. కానీ అసూయపడే మనిషికి గౌరవం కూడా భిక్షలాగే కనిపిస్తుంది.

అన్నిటికంటే ఆయన్ని కుళ్ళబొడిచింది పేరు. గేటు దగ్గరి వాచ్‌మన్ గౌరయ్య మొదలుపెట్టాడో, ప్యాకింగ్ హాలు ఆడవాళ్ళు మొదలుపెట్టారో గానీ, ఆ గదిని అందరూ "స్వరూప గది" అనసాగారు. కరెంటువాడొస్తే "ఎందాకన్నా, స్వరూప గదికాడికా?" అనేవాడు గౌరయ్య. కృష్ణారావు పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న గదిని మాత్రం కంపెనీ పుట్టినప్పటి నుంచీ "ఏసీ గది" అనే అంటున్నారు.

క్యాంటీన్లో స్వరూప తెచ్చిన చేపల పులుసును తలా ఒక గరిటె వేసుకుని లొట్టలేస్తే ఆయనకు మండేది. ఒకరోజు బలవంతం చేస్తే తనూ కాస్త రుచి చూశాడు. పులుసు చాలా బాగుంది. అందుకు ఇంకాస్త మండింది.

"ఏవండీ, ఇంటికొచ్చినా ఆ స్వరూప మాటేనా?" అంది పార్వతీదేవి ఒక సాయంత్రం కాఫీ అందిస్తూ. "పెళ్ళైన కొత్తలో కూడా నన్నిన్నిసార్లు తలుచుకోలేదు మీరు."

"నేను నేర్పిన పిల్లే! నేను నేర్పిందే! ఇవాళ మీటింగులో సుధీర్ అందరితో ఏమన్నాడో తెలుసా? స్వరూపలా ఆలోచించండి అన్నాడు. నా ముందే అన్నాడు."

"మంచిదేగా. గురువును మించిన శిష్యురాలు అంటారు."

"అలాంటప్పుడు గురువు పేరెవరు తలుస్తారు?" అన్నాడు కృష్ణారావు. పార్వతీదేవి జవాబివ్వకుండా కుండీలకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె తెలుసుకున్నది, కొన్ని ప్రశ్నలు జవాబు కోసం కావని.

ఆ గది కడుతున్నప్పుడు చిన్న సంగతొకటి జరిగింది. పూర్వం గుడ్ల ట్రేలు లెక్కపెట్టుకోవడానికి అక్కడొక కంప్యూటర్ ఉండేది. దాని కోసం గోడలో నెట్‌వర్క్ పాయింటు ఒకటి ఉండిపోయింది. దాని అవతలి కొస కృష్ణారావు ఏసీ గదిలో ఉంది. స్వరూప గోడ పాయింటు మీద నల్ల టేపు అంటించి, "సార్, అవతలి దిక్కు మీరు పీకేయించుండ్రి," అంది. "తీయించేస్తాలే," అన్నాడాయన. ఆమె మళ్ళీ అడిగితే "అయిపోయిందమ్మా," అన్నాడు. అవ్వలేదు. మొదట మరిచిపోయాడు. తర్వాత గుర్తొచ్చినా, నువ్వు చెబితే నేను చెయ్యాలా అనుకుని ఊరుకున్నాడు.

దసరా వచ్చింది. కంపెనీలో ఆయుధపూజ అంటే ప్రతి మిషన్‌కూ బొట్టు పడాల్సిందే. గుడ్లు పొదిగే పెట్టెలకు బంతిపూలు, వ్యాను టైర్ల కింద నిమ్మకాయలు, కంప్యూటర్లకు పసుపు కుంకుమ. ఏ మిషన్‌ను మరిచిపోతే ఆ ఏడాదంతా అదే మొరాయిస్తుందని ప్యాకింగ్ హాలు వాళ్ళ నమ్మకం. పళ్ళెం పట్టుకుని అన్నిటికీ బొట్టు పెట్టే హక్కు మొదటి నుంచీ కృష్ణారావుదే. ఉన్నవాళ్ళలో పెద్దాయన ఆయనే మరి.

స్వరూప గది దగ్గర మాత్రం ఆగారు. రిజిస్టరుంది, ఇద్దరికి మించి వెళ్ళకూడదు.

"ఏంది బిడ్డా," అన్నాడు గౌరయ్య, "గా గదిల మిషన్లేం పాపం జేసినయ్? దేవునిక్కూడ సంతకం గావాల్నా?"

అందరూ నవ్వారు. స్వరూప తటపటాయించింది. కాదంటే పొగరనుకుంటారు. పైగా ఆ రోజే సద్దుల బతుకమ్మ. తంగేడు పువ్వు, గునుగు పువ్వు తెచ్చి పెట్టుకుని తల్లి శివమ్మ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసింది. ఆమె తలుపు తీసింది. పది మంది లోపలికి వచ్చి కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకుని వెళ్ళారు.

"సార్, నేను బోతున్న. హారతి అయినంక మీరే తలుపేసి తాళం బీరువాల పెట్టుండ్రి," అంది స్వరూప, చెప్పులేసుకుంటూ. "మీరుంటె నాకు ఫికర్ లేదు."

గదిలో కృష్ణారావు ఒక్కడే మిగిలాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ. మిషన్లు చిన్నగా రొద చేస్తున్నాయి. అంతా ఎంత పొందిగ్గా ఉందంటే, ఎక్కడైనా ఒక్క వైరు చిందరవందరగా ఉంటుందేమోనని ఆయన కళ్ళు వెతుక్కున్నాయి. లేదు. గోడకు అంటించిన కాగితం కనిపించింది. ఆపద వస్తే ఏ మిషన్‌ను ముందు లేపాలి, దేని తర్వాత దేన్ని లేపాలి అని వరసగా రాసుంది. కింద చిన్న అక్షరాలతో, "కృష్ణారావు సార్ పాత డైరీ నుంచి" అని ఉంది.

ఇంకొకరైతే ఆ ఒక్క లైనుకు మెత్తబడేవారు. కృష్ణారావు మాత్రం, నా డైరీ కూడా ఎత్తుకొచ్చి తన గోడకు అంటించుకుంది అనుకున్నాడు.

అప్పుడాయన చూపు మిషన్ల వెనక నల్ల టేపు మీద పడింది. మిగతావాటిని నడిపే కంట్రోల్ మిషన్ వెనక వైరు పెట్టే రంధ్రం ఒకటి ఖాళీగా ఉంది. ఈ గదిలోకి ఎవరొస్తారులే అని ఆ ఖాళీలను మూసే పనిని స్వరూప వాయిదా వేసుకుంది. మూలనున్న అట్టపెట్టెలో మూరెడు వైరు ముక్కలు పడున్నాయి.

విభాగానికి పెద్దను నేను, లోపల ఏం జరుగుతోందో నాకు తెలియాలా వద్దా అని తనకు తాను చెప్పుకున్నాడు. చూడటానికేగా, ముట్టుకోనుగా అని కూడా చెప్పుకున్నాడు. టేపు ఊడదీసి, ఒక కొస గోడకూ ఒక కొస మిషన్‌కూ పెట్టాడు. మిషన్‌కు బొట్టు పెట్టి, తలుపేసి, తాళం బీరువాలో పెట్టాడు. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

మర్నాటి నుంచి ఆయనకు కొత్త పని దొరికింది. పొద్దున్నే తన రిపోర్టు కంటే ముందు, ఏసీ గదిలో తన కంప్యూటర్ మీదే స్వరూప గది తెర తెరిచి చూసుకునేవాడు. ఎక్కడో ఒక చోట కాపీ తప్పిపోయి ఉంటుంది, ఒక పరీక్ష తప్పి ఉంటుంది, అది పట్టుకుని సుధీర్ ముందు పెట్టి, చూశారా, పిల్లల చేతికిస్తే ఇలాగే ఉంటుంది అనాలి. ఆ మాటను కారులో రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాడు కూడా.

ఒక వారం చూశాడు. రెండో వారం చూశాడు. దీపావళి సెలవునాడు కూడా ఆఫీసుకెళ్ళి చూశాడు. ఒక్క తప్పు లేదు. ఏ రోజు కాపీ ఆ రోజే వచ్చింది, అప్పటిదాకా చేసిన ప్రతి పరీక్షా నెగ్గి ఉంది. దొంగతనానికి వెళ్ళినవాడికి ఇంటివాళ్ళ సుఖసంసారం కనిపించినట్టయింది ఆయన పరిస్థితి. చూడకుండా ఉండలేడు, చూసి ఓర్చుకోలేడు.

దీపావళి వెళ్ళిన వారం, సోమవారం పొద్దున ఎనిమిదింపావుకు ప్యాకింగ్ హాల్లో లేబుళ్ళు కొట్టే మిషన్ ఆగిపోయింది. తర్వాత స్టోర్సు, తర్వాత ల్యాబు. కృష్ణారావు తన తెర వైపు తిరిగేసరికి అక్కడ నల్లటి చీటీ ఉంది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం అని. కాపీల పెట్టెకేసి పరిగెత్తాడు. ఆకుపచ్చ సంతకాలు పెట్టుకుంటూ వచ్చిన కాపీలన్నిటికీ తాళం పడి ఉంది. వేసవిలో స్వరూప అడిగిన ప్రశ్నకు అదీ జవాబు.

సుధీర్ పరుగున వచ్చాడు. రికార్డు లేని టీకాను అమ్మడానికి వీల్లేదు. కోల్డ్ స్టోరులో ఉన్న సరుకంతా పారబోయాల్సిందే. బయట వ్యానులు నిలబడి ఉన్నాయి, కోడిపిల్లల్ని పొదిగించే హేచరీల వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ఇలాంటి దెబ్బకు ఆ మందుల కంపెనీ రెండు నెలలు మూతపడింది. ఇక్కడ మూడు వందల మంది ఆ జీతాల మీదే బతుకుతున్నారు.

"స్వరూపా," అన్నాడు సుధీర్, "నీ గది?"

"ఉన్నది సార్," అంది స్వరూప. బీరువాలోంచి తాళం తీసుకుంది.

అందరూ గుడ్ల గది ముందు గుమిగూడారు. గౌరయ్య రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. స్వరూప సంతకం చేసి పెన్ను కృష్ణారావుకు అందించింది. ఆయన పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడిని మనం తిట్టుకుంటాం గానీ, ఆ క్షణంలో కృష్ణారావు మనసులో మెదిలింది అంతకన్నా గొప్ప ఆలోచనేమీ కాదు. లోపలికి వెళ్తాం. ఆమె తెర ముందు కూర్చుంటుంది. తను వెనక్కి వెళ్ళి వైరు పీకి జేబులో వేసుకుంటాడు. ఎవరికీ తెలియదు. లోపలంతా బాగుంటే సరే. ఆ వైరు గుండా దొంగ ఇక్కడికీ వచ్చి ఉంటే, లేపిన మిషన్లకు మళ్ళీ తాళాలు పడతాయి. అప్పుడు అందరూ ఏమంటారు? స్వరూప గది పనికిరాలేదంటారు. ఇక ఆ పేరే ఉండదు. ఆ తలపు ఆయనకు ఒక్క క్షణం తియ్యగా అనిపించింది. తర్వాత చాలా రోజులు ఆయన్ని నిద్రపోనివ్వనిది వైరు కాదు, ఆ తీపి.

"గ్యారంటీయేనా?" సుధీర్ స్వరూపను అడుగుతున్నాడు. "లోపల శుభ్రంగా ఉందని నువ్వు ఒట్టేసి చెప్పగలవా? మళ్ళీ మొదలుపెట్టాక అది తిరగబడితే ఇక మన పని అయిపోయినట్టే."

"గ్యారంటీ సార్. గా నలభై నిమిషాల దారి తప్ప గీ గదికి బయటి వైరు ఒక్కటి లేదు. గోడల ఒక పాత పాయింటు ఉండె. అది గూడ కృష్ణారావు సార్ దగ్గరుండి తీపిచ్చిండ్రు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కృష్ణారావు చెయ్యి గోడ మీదికి పోయింది. ఆమె తన నౌకరీని, పరువును, మూడు వందల మంది బతుకును ఆయన మాట మీద పెట్టింది. ఆ మాట అబద్ధమని తెలిసింది ఆయనొక్కడికే.

"వైరుంది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"లోపల వైరుంది. పాయింటు నేను తీయించలేదు. వైరు నేనే పెట్టాను. స్వరూప ఏం చేస్తోందో చూద్దామని పెట్టాను."

గౌరయ్య చేతిలో రిజిస్టరు కిందికి జారింది. స్వరూప కృష్ణారావు మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో కోపం వస్తుందని ఆయన ఎదురుచూశాడు. అంతకుముందే ఆమె ఇంకో పనిలో పడింది.

"ఎన్నడు పెట్టిండ్రు సార్?"

"పూజనాడు."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఇరవై ఏడు రోజులు. గట్లయితె పూజకు ముందటి కాపీ మంచిగనే ఉంటది. దాని తర్వాతయి ఏయి నమ్మొద్దు, దొంగ గూడ అండ్ల సొచ్చి దాక్కొని ఉండొచ్చు. ముందు గా వైరు పీకుదాం. సుధీర్ సార్, నాకొక కొత్త మిషన్ గావాలె. ఇంక దేనికీ తగిలియ్యంది."

లోపల కంట్రోల్ మిషన్ తెర మీద కూడా అదే నల్ల చీటీ ఉంది. మూరెడు వైరు మీదుగా దొంగ అక్కడిదాకా నడిచొచ్చాడు. పూజకు ముందటి కాపీలు మాత్రం చెక్కుచెదరలేదు, వాటిని ఎవరూ మార్చలేరు కనుక. కంట్రోల్ మిషన్‌ను మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. కృష్ణారావు మాట చెప్పకుండా ఆ మిషన్ మీంచే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో స్వరూపకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం, పూజకు ముందటి కాపీ లేచింది. గోడ మీది కాగితంలో ఉన్న వరసలోనే ఒక్కొక్క మిషన్ లేచింది. ప్యాకింగ్ హాల్లో చప్పట్లు వినిపించాయి. కృష్ణారావు ఏసీ గదిలో ఒక్కడే కూర్చుని విన్నాడు. ఆ చప్పట్లకు సంతోషించాలని ఎంతో ప్రయత్నించాడు, చాతకాలేదు.

ఆ సాయంత్రం స్వరూప వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"అడిగితె నేనే చూపిస్తుంటి గద సార్," అంది.

ఆ మాట అని వెళ్ళిపోయింది.

ఇరవై ఏడు రోజుల లెక్క పోయింది కనుక దాన్ని కాగితాల్లోంచి మళ్ళీ ఎక్కించాలి. ఆ పని తనకిమ్మని కృష్ణారావే అడిగాడు. ప్యాకింగ్ హాలు పక్కన, ఎనిమిదేళ్ళ కిందట స్వరూప కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఏ గుడ్లలో ఏ టీకా పెరిగిందో ఒక్కొక్క అంకె కొట్టాడు. పన్నెండు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులూ ఆడవాళ్ళు ఆయన్ని చూసి గుసగుసలాడుకున్నారు. మూడో రోజు ఎవరో టీ తెచ్చి పక్కన పెట్టారు. ఆ పిల్ల రెండేళ్ళు ఈ పని చేశాకే తన దగ్గరికొచ్చి సర్వర్లు నేర్చుకుంది. అదెంత కష్టమో ఆయనకు అప్పుడే తెలిసింది.

జరిగినదాని మీద స్వరూప రిపోర్టు రాసి సుధీర్‌కిచ్చింది. నకలు కృష్ణారావుకూ వచ్చింది. ఎప్పటి అలవాటుతోనే ఆయన దాన్ని తప్పుల కోసం చదివాడు. కారణాల దగ్గర రెండు వాక్యాలున్నాయి. మొదటిది, "పూజనాడు రెండు సంతకాల నియమం పక్కన పెట్టి తలుపు తెరిచి వెళ్ళడం నా తప్పు." రెండోది, "పాత పాయింటుకు వైరు కలిపింది కృష్ణారావు సార్. సమయానికి చెప్పింది కూడా ఆయనే." తన తప్పును ముందు రాసుకుంది. అలా రాయడం తన వల్ల అయ్యేది కాదని ఆయనకు తెలుసు. ఆ కాగితం చేతిలో పట్టుకుని కూడా ఆయనకు కలిగింది అసూయే. కాకపోతే ఈసారి దాన్ని దాని పేరుతోనే పిలిచాడు.

ఆయన నౌకరీ పోలేదు. పెద్దరికం పోయింది. విభాగం స్వరూపది. ఆకుపచ్చ ఇంకు సీసాలో గడ్డకట్టింది.

ఈ ఏడు దసరాకు మళ్ళీ పళ్ళెం ఆయన చేతికే ఇచ్చారు. పెద్దాయన ఇప్పటికీ ఆయనే కదా. పొదిగే పెట్టెలకు, వ్యానులకు, కంప్యూటర్లకు బొట్లు పెట్టుకుంటూ గుడ్ల గది దగ్గరికొచ్చారు. స్వరూప తాళం తియ్యలేదు. ప్యాకింగ్ హాల్లోకి కొత్తగా వచ్చిన పద్మలతకు సంగతి తెలియదు.

"స్వరూప గదిలకు పోరా సార్?" అనడిగింది. "మిషన్లకు బొట్టు పెట్టరా?"

వెనక ఉన్నవాళ్ళు గతుక్కుమన్నారు. గౌరయ్య నేల చూపులు చూశాడు. కృష్ణారావు వేలితో కుంకుమ తీసి, మూసి ఉన్న తలుపుకు, తాళం మీదుగా పెద్ద బొట్టు పెట్టాడు.

"ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదమ్మా," అన్నాడు. "నేను అసలే వెళ్ళకూడదు."

స్వరూప ఆయన చేతిలోంచి పళ్ళెం అందుకుని కొబ్బరికాయ ఇచ్చింది. ఆయన ఆ తలుపు ముందే, గడప ఇవతల, కాయ కొట్టాడు.